దొరసాని వాళ్ళ నాన్న

కళ్ళజోళ్ళ కొట్టు వెనకగదిలో అద్దాలు అరగదీసే మనిషి ఆయన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను రొద. ముందుగదిలోంచి చీటీ వస్తుంది, ఇక్కణ్ణుంచి అద్దం వెళ్తుంది, మధ్యలో మాటలేమీ ఉండవు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయింది. పోతూ పోతూ తాను పెంచుకున్న కుక్కని ఆయనకి అప్పగించింది. అదే దొరసాని.

పార్కులో కుక్కల్ని వదిలే కంచె లోపల మా పరిచయం. నేను బస్సు కండక్టర్ని. నా నోటికి అడ్డూ అదుపూ లేదని మా మొద్దుగాడికి కూడా తెలుసు. మొద్దుగాడంటే నా కుక్క, మా ఆయన కాదు. అక్కడ మనుషుల పేర్లు ఎవడికి కావాలి? నేను మొద్దుగాడి అమ్మని, ఆయన దొరసాని వాళ్ళ నాన్న. వరస ప్రకారం మేనమామ కావాలి గానీ, నాన్నే ఖాయమైంది. అలా పిలిస్తే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. రోజు మొత్తం మీద ఆయన నోరు విప్పేది ఆ ఒక్క గంటే. బెంచీ మీద మా మధ్య ఇరుక్కుని కూర్చుని, మా సోది మాటలకి కూడా పడీ పడీ నవ్వేవాడు.

చిక్కల్లా దొరసానితోనే. తన బంతి దగ్గరికి ఇంకో కుక్క వస్తే చాలు, బిగుసుకుపోయి పళ్ళు బయటపెట్టేది. రెండుసార్లు కరిచింది కూడా. మూడోసారి కరిస్తే గేటు దాటనివ్వనని పార్కు సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు. మర్నాడు ఆయన అరడజను బంతులు కొనుక్కొచ్చాడు, అన్ని ఉంటే పేచీ ఉండదని. ఆ మహాతల్లి ఆరింటినీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పోగేసి, వాటి మీద పడుకుంది. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఒకరోజు ఆయన నీళ్ళ కోసం గేటు బయట కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అంతే, దొరసాని బంతి తీసుకెళ్ళి మొద్దుగాడి ముందు పడేసి, ముందుకాళ్ళు వంచి తోకాడించింది. ఆయన తిరిగొచ్చాడో లేదో, మళ్ళీ పళ్ళు. మూడు రోజులు కనిపెట్టి చూశాను, అదే వరస. నోరు కట్టేసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేకపోను.

"అది కాపలా కాసేది బంతిని కాదండీ, మిమ్మల్ని. మీరు పక్కన లేకపోతే చక్కగా ఆడుకుంటోంది," అన్నాను.

ఆయన వంగి దొరసాని తల నిమిరాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఎంత దూరంలో ఉండాలంటారు?"

"దానికి కనబడనంత దూరం."

ఎంత తేలిగ్గా అనేశానో! తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పట్నుంచీ దొరసానిని లోపల వదిలి, గొలుసు నా చేతికిచ్చి, ఆయన బయటికి వెళ్ళిపోతున్నాడు. అది మళ్ళీ ఎవర్నీ కరవలేదు. మొద్దుగాడికి బంతి ఇచ్చినట్టే ఇచ్చి, వాడు అందుకోబోతే లాక్కుని పరుగెత్తడం, వాణ్ణి వెంట తిప్పుకోవడం, అదే పని. సూపర్‌వైజరు కూడా మెచ్చుకున్నాడు.

నిన్న ఆట మధ్యలో అది ఉన్నట్టుండి ఆగిపోయింది. తలెత్తి కంచె వెంబడి వెతుక్కుంది. నేనూ అటే చూశాను. రోడ్డవతల ఆగి ఉన్న వ్యాను పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. దాని చూపు తన వైపు తిరిగేలోగా గబుక్కున వ్యాను వెనక గొంతుక్కూర్చున్నాడు. మా బెంచీ మీద ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. వ్యాను కింద నుంచి ఆయన చెప్పులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. దొరసాని మళ్ళీ ఆటలో పడింది. ఆ చెప్పులు మాత్రం గంట పూర్తయ్యేదాకా కదల్లేదు.