కొండకు పోసిన చలి

బృహస్పతి చందమామల్లో ఒకదాని మీద మండుతున్న అగ్నిపర్వతాన్ని మా రూఫినా లియెండ్రో చల్లబరిచిన కెమెరా పట్టుకున్నది. రెండు చలికాలాలు ఉత్త మసకే వచ్చాక దక్కిన మొదటి బొమ్మ అది. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "చూడు తాతా, అక్కడా మన లాస్కార్ లాంటి నిప్పుకొండే పొగరు చూపిస్తోంది!" అన్నది.

రూఫినా నా చెల్లెలి మనవరాలు. కాలువ పూడిక తీసేనాడు మగవాళ్ళతో సమానంగా పార పట్టిన పిల్ల. మా అటకామా ఎడారి ఊరినుంచి కొండమీది టెలిస్కోపు పనికి కుదిరిన మొదటి మనిషి. శుక్రుడి మబ్బులూ, శని వలయాలూ ఆమె చేతి మీదుగా వచ్చినవే. ఊరి సభలో ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఆ కెమెరా చూసేది వేడిని. తానే వెచ్చబడితే తన వేడి తప్ప దానికి మరేమీ కనబడదు. అందుకే రోజూ దాని కడుపులో ద్రవ నైట్రోజన్ పోయాలి. రూఫినా పని అదే. మేం ఏది తాగినా మొదటి గుక్క నేలతల్లిది. ఆమె కూడా కెమెరాకు పోసే ముందు ఒక చెంబు కొండ మీద ఒంపేది.

"మీ కొండకు జలుబు చేస్తుందే, రూఫినా!" అని నవ్వేవాడు ఆమె పై అధికారి ఒస్వాల్డో.

"చేస్తే మీ మీదే తుమ్ముతుంది లెండి, సారూ!"

ఫిబ్రవరిలో మంచు దారిని మూసేసింది. నైట్రోజన్ బండి పైకి రాలేదు. డబ్బాలు అడుగంటాయి. దారి తెరిచేలోగా కెమెరా వెచ్చబడి లోపలి చిప్పు పగిలింది.

ఈసారి ఒస్వాల్డో నవ్వలేదు. "ఆఖరి డబ్బాలోంచి కూడా ఒంపావా?"

"ఒంపాను."

"దారి మూసుకుపోయిందని తెలిసి కూడానా?"

"కరువొచ్చిందని తల్లికి పెట్టడం మానేస్తామా, సారూ?"

ఆమెను పనిలోంచి తీసి కిందికి పంపేశారు. ఇప్పుడు మేకలు కాస్తోంది. "కొండకు తాగబోసి కూడు పోగొట్టుకున్నావు కదే!" అని మేనత్త దెమెత్రియా దెప్పితే, కొండకు వీపు పెట్టి కూర్చుంటుంది.

మొన్న టెలిస్కోపు నుంచి కబురొచ్చింది. కెమెరా విదేశంలో బాగవుతోందట, అది వచ్చిననాడే ఆమెనూ రమ్మన్నారు. కాని ఇక చుక్క కూడా నేల మీద పోయనని మాటివ్వాలట.

"ఏం చెప్పను తాతా?"

కాలువ నీళ్ళ తగాదాలు ఎన్నో తీర్చాను. దీని తీర్పు మాత్రం నాది కాదు. "పోసే చెయ్యి నీదమ్మా" అన్నాను.

ఆమె ఇంకా బదులు పంపలేదు. కెమెరా వచ్చేది మాత్రం, ఊరంతా గుంట తవ్వి నేలతల్లికి తాగబోసే రోజునే: ఆగస్టు ఒకటి.