యేసు పుట్టింటివాళ్ళు

ఎడిసన్ ఊళ్ళో ఆ యూదుల బేకరీ ముందు కారు ఆపితే చాలు, జడలా అల్లిన హల్లా రొట్టె వాసన నన్ను చిన్నప్పటి పక్కింటికి, మిరియం ఆంటీ వంటింట్లోకి లాక్కెళ్తుంది.

యేసు యూదుడని సండే స్కూల్లో చెప్పారు. ఆంటీ కూడా యూదురాలే. ఇంకేం, ఇద్దరూ చుట్టాలేనని ఏడేళ్ళ నేను తేల్చేసుకున్నాను. ఆవిడను మా చర్చికి ఎలా పిలవాలా అని అమ్మ ఎప్పటినుంచో మథనపడుతోంది.

ఒక శుక్రవారం సాయంత్రం మేమక్కడ ఉండగానే ఆంటీ వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతోందని కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. చర్చిలో అలవాటు కొద్దీ అమ్మ చున్నీ తలమీదకి లాక్కుంది. ప్రార్థన అవగానే నేను ఆగలేకపోయాను.

"ఆంటీ, జీసస్ మీ రిలేటివ్ కదా, మీ ఇంట్లో ఫోటో లేదేంటి?"

అమ్మ నన్ను గిల్లింది. ఆంటీ మాత్రం పకపకా నవ్వింది.

"మావాడే, స్వీటీ. కానీ మేం ఆయన్ని దేవుడనుకోం. ఇప్పుడు మీ ఇంట్లో ఉంటున్నాడుగా, బాగా చూసుకుంటున్నారా?"

"అమ్మ రోజూ మాట్లాడుతుంది," అన్నాను గర్వంగా.

ఆ తర్వాత అమ్మ ఆవిడను చర్చికి పిలిచే ఆలోచనే మానుకుంది. ఆయన వాళ్ళవాడే, ఇప్పుడుంటున్నది మా ఇంట్లో అని ఆంటీ చెప్పిన రెండు మాటలూ నిజమేనని నాకంటే చాలా ముందే అమ్మకు అర్థమైనట్టుంది. ఆ క్రిస్మస్‌కి అరిసెలు వండి, మొదటి ప్లేటు నా చేతిలో పెట్టింది.

"ముందు పుట్టింటివాళ్ళకి ఇచ్చి రా."