మిరప మందు తిన్న లిల్లీ గడ్డలు

మొక్కుకునేటప్పుడు మనిషికి ఎండలు గుర్తుకు రావు. నాకూ రాలేదు. నరసరావుపేట ఆసుపత్రిలో, ఎక్స్‌రే గది ముందు బల్ల మీద కూర్చుని, చేతిలో జపమాల పట్టుకుని నేనన్న మాట ఇది: "అమ్మా మరియమ్మా, ఈయన మళ్ళీ తన కాళ్ళ మీద తను నడిస్తే, నీ పుట్టినరోజు పండక్కి నా చేత్తో పెంచిన పూలు నీ పాదాల దగ్గర పెడతాను."

మాచర్ల బజారులో కొన్న పూలు అని ఉంటే ఎంత సుఖంగా ఉండేది. ఆ తల్లి కాదనేదా? నేనే ఆ కంగారులో 'నా చేత్తో పెంచిన' అని ఒక మాట ఎక్కువ కలిపాను. మాది రెంటచింతల. టీవీలో మా ఊరి పేరు వినపడిందంటే ఆ రోజు ఎండ ఎక్కడ ఎక్కువో చెబుతున్నారని అర్థం. పండగ చూస్తే సెప్టెంబరులో. ఈలోపు మా ఎండాకాలం మొత్తం దాటాలి. మా దొడ్లో అప్పటిదాకా బతికి బట్టకట్టినవి ఒక కరివేపాకు చెట్టు, ఒక కలబంద, మా అత్తమ్మ.

మా ఆయన మిరపకాయల బస్తాలు లారీకి ఎక్కిస్తూ పైనుంచి జారిపడ్డాడు. అదీ సంగతి. తుంటి ఎముక విరగలేదు, సన్నటి చీలికే అన్నాడు డాక్టరు. ఆరు వారాలు మంచం, రెండు వారాలు కర్ర. ఈస్టరు ముందు రోజు కర్ర వదిలేసి, కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పడానికి వంటింటి దాకా నడుచుకుంటూ వచ్చాడు. ఆ చక్కెర తక్కువైనందుకు కూడా దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

నేను బడికి పోలేదు. మా నాన్న జపాల పుస్తకం ముందేసుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలు ఊరికే పోకుండా, గుడిలో ఇచ్చే క్యాలెండరులో రోజుకో గడిలో ఒక వందనం రాసుకుంటాను. గడి చిన్నది కాబట్టి వందనాలూ చిన్నవే: 'కరెంటు పోలేదు.' 'పాలు విరగలేదు.' 'అత్తమ్మ నవ్వింది.' ఆయన నడిచిన రోజు గడిలో 'కాఫీ' అని రాశాను. ఆ ఊపులోనే కాగితాలు తిప్పి, సెప్టెంబరు పండగ గడిలో 'పూలు' అని ముందుగానే రాసి పెట్టాను. మొక్కు సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తీరకపోతే నవ్వులపాలయ్యేది నేనొక్కదాన్నే అయితే చాలనుకున్నాను.

ఎండకు తట్టుకుని, మంచి వాసనొచ్చే పువ్వు ఏదని ఆలోచిస్తే అచ్చంపేటలో మా పెద్దమ్మ దొడ్డి గుర్తొచ్చింది. ఆమె దగ్గర లిల్లీలు ఉంటాయి. పెళ్ళి దండల్లో వేస్తారే, తెల్లటివి, పొడుగు కాడవి, అవి. అత్తమ్మ వాటిని నేలసంపెంగలంటుంది. బస్సెక్కి వెళితే పెద్దమ్మ సిమెంటు సంచిలో సగం దాకా గడ్డలు పోసిచ్చింది.

"పదిహేను రోజులు నీడన ఆరబెట్టు. తర్వాత మూడు వేళ్ళ లోతులో పెట్టు. పెట్టి మర్చిపో," అంది.

"నీళ్ళు?"

"వారానికొకసారి. ఇదిగో అమ్మాయ్, వాటిని ముద్దు చేశావంటే ఆకేసుకుని కూర్చుంటాయి. పూయవు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. అర్థం కావడానికీ చేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ పూట నాకు తెలియదు.

గడ్డలను వసారాలో గోనెపట్టా మీద ఆరబెట్టాను. అత్తమ్మ వాటిని ఉల్లిపాయలనుకుని పులుసులో వేసిందని మీరు అనుకుంటారేమో. వేయలేదు. ఆమెకు చూపు తక్కువే గానీ, ముక్కు కాదు. ఒకటి తీసి వాసన చూసి, "ఇవి తినేవి కాదు. తినేవి కానివి ఇన్ని ఎందుకు తెచ్చావే?" అని మాత్రం అడిగింది. "ఊరికే అత్తమ్మా, అందంగా ఉంటాయని," అన్నాను. ఆమె నా వైపు కాసేపు చూసింది. మా ఇంట్లో అందం కోసం అంతవరకు ఏదీ తేలేదు.

బట్టలుతికే బండ పక్కన, గోడ వారగా, నాలుగడుగుల వెడల్పున మడి కట్టి, చుట్టూ నాపరాయి ముక్కలు పాతి గడ్డలు పెట్టాను. మే నెల ఎండలో కరివేపాకు కూడా తల వేలాడేసింది. అవి మాత్రం పచ్చటి ముక్కులు బయటపెట్టాయి. ఆ రోజు గడిలో 'మొలిచాయి' అని రాశాను.

అక్కడి నుంచి వాటి పెరుగుదల చూడాలి. జూన్‌కు జానెడు, జులైకి మూరెడు. ఆకు మీద ఆకు, ముదురు పచ్చగా, నిగనిగలాడుతూ. పక్కింట్లో గేదెను మేపే వదిన గోడ మీద మోచేతులు ఆనించి రోజూ చూసేది.

"వదినా, ఈ గడ్డి ఏంది, చానా ఏపుగా ఉంది. మా గేదెకు రెండు పూటలు కోసుకోనా?"

"గడ్డి కాదు వదినా. లిల్లీలు."

"లిల్లీలా? ఆ వాసనకు పాములొస్తాయంటారే."

లోపలి నుంచి అత్తమ్మ అందుకుంది. "ముందు పూయనీ. పాముల్ని పిలవడానికి ఇంకా టైముంది."

ఆగస్టు వచ్చింది. పండగ ఇంకా నెల రోజులు. మడిలో పూల కాడ ఒక్కటి లేదు. వంటింట్లో క్యాలెండరు వైపు చూస్తే ఆ 'పూలు' అనే మాట నన్నే చూస్తున్నట్టుండేది. మరియమ్మ తన మాట తను నిలబెట్టుకుంది. మనిషి దొడ్లో తిరుగుతూ, బీడీ కాలుస్తూ, నా కళ్ళ ముందే ఉన్నాడు. మాట తప్పబోయేది నేనే.

ఒక ఆదివారం పొద్దున, ఇంకా తెల్లవారక ముందే, పూజకు వెళ్ళేలోపు మడికి మగ్గెడు నీళ్ళు పోద్దామని దొడ్లోకి వెళ్ళాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. వారానికొకసారి అన్న పెద్దమ్మ మాటను నేను మొదటి వారం పాటించాను. ఆ తర్వాత పాపం దాహమేస్తుందేమోనని రోజూ ఒక మగ్గు పోస్తూనే వచ్చాను.

మడి దగ్గర ఎవరో వంగుని ఉన్నారు. మా ఆయన. లుంగీ మడతలో ఏదో పోసుకుని, గుప్పిటతో తీసి మొదళ్ళ దగ్గర చల్లుతున్నాడు.

"ఏందయ్యా అది?"

ఉలిక్కిపడి లుంగీ వదిలేశాడు. తెల్లటి పూసలు బండ మీద గలగలమని రాలాయి.

"యూరియా," అన్నాడు, చిన్న గొంతుతో.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొలిచినప్పటి నుంచి. పదిరోజులకోసారి. మొన్న పూత మందు కూడా కొట్టా. మన మిరపకు కొడతామే, అదే. కొట్టు అతను బాగా పనిచేస్తదన్నాడు."

నేను నోరు తెరిచేలోపు వంటింటి తలుపు కిర్రుమంది. అత్తమ్మ గిన్నె పట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చి, మా ఇద్దరినీ చూడకుండానే బియ్యం కడిగిన నీళ్ళు సరిగ్గా మడిలో కుమ్మరించింది. తర్వాత తలెత్తింది.

"మీరిద్దరూ ఇక్కడ ఏం చేస్తన్నారు?" అంది, మేమేదో దొంగతనానికొచ్చినట్టు.

"నువ్వేం చేస్తన్నావమా?" అన్నాడు ఆయన.

"రెండు పూటలా పోస్తన్నా. నిన్న చేప కడిగిన నీళ్ళు కూడా పోశా. మంచి బలం."

నా చేతిలో మగ్గును అప్పుడు చూశారు ఇద్దరూ. మూడు నెలలుగా ఆ గడ్డలు మా ఇంట్లో మనుషులకన్నా బాగా తింటున్నాయని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

"అసలు మీకెందుకు వాటి మీద ఇంత ప్రేమ?" అని అడిగాను.

ఆయన బండ మీద యూరియా ఏరుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు. "క్యాలెండరులో పండగ గడిలో 'పూలు' అని రాశావు గదా. నేను నడిచిన రోజే రాశావు. నాకు చదువు రాదనుకున్నావా? అమ్మకు నేనే చెప్పా. నా కాలి కోసం మొక్కుకుని, నువ్వొక్కదానివే తిప్పలు పడతంటే ఊరుకుంటామా?"

"అడిగితే చెప్పవని అడగలా," అంది అత్తమ్మ. "అందం కోసమంట, అందం."

కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వు వాటికన్నా ముందొచ్చింది. ఆ రోజు పూజకు ఆలస్యంగా వెళ్ళాను.

మధ్యాహ్నం పెద్దమ్మకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, అన్నీ చెప్పాం.

"అది మిరప చేనా?" అంది పెద్దమ్మ. "కడుపు నిండినదానికి పూయాలని ఎందుకుంటదిరా? అన్నీ ఆపండి. నీళ్ళు కూడా. ఆకలేస్తే అవే పూస్తాయి."

"నెల రోజుల్లో పూస్తాయా పెద్దమ్మా?"

"నన్నడుగుతావేందే? నువ్వు ఎవరికి మొక్కుకున్నావో ఆమెనడుగు."

ఆ సాయంత్రం నుంచి లిల్లీలకు తపస్సు కాలం మొదలైంది. మా ఆయన మడి చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టాడు. యూరియా బస్తా చేనుకు పంపించేశాం. అత్తమ్మ బియ్యం కడిగిన నీళ్ళు వదిన గేదెకు మళ్ళించాం. ఆమెకు అది పెద్ద కష్టమైంది. గిన్నె పట్టుకుని రెండుసార్లు తాడు దాకా వెళ్ళి, నేను "అత్తమ్మా" అంటే, "చూడటానికొచ్చా, చూడటం కూడా తప్పేనా?" అని వెనక్కి తిరిగేది.

ఇక వాన. ఆ నెలలో మా ఊళ్ళో అప్పుడే మిరప నారు నాటి, ప్రతివాళ్ళూ ఆకాశం వంక చూస్తుంటారు. గుడిలో ఫాదరుగారు వాన కోసం ప్రార్థన చేయిస్తే ఊరంతా "మా మనవి ఆలకించండి" అంది. నేను కూడా అన్నాను, మా నారు కూడా చేలో ఉంది గదా. మనసులో మాత్రం, "మా బట్టలుతికే బండ పక్కన నాలుగడుగులు వదిలెయ్యి స్వామీ," అని చేర్చాను. వాన వచ్చింది, ఏ అడుగూ వదలకుండా. మా ఆయన తడుస్తూ పరుగెత్తుకొచ్చి, మిరపకాయలారబోసే పట్టా తెచ్చి మడి మీద కప్పాడు. పక్కింటి వదిన గోడ మీద నుంచి చూసి, "అన్నయ్యా, తుంటితో పాటు తల కూడా ఎక్స్‌రే తీయించారా?" అంది.

మూడో వారంలో అత్తమ్మే కనిపెట్టింది. తాడు దాటి వెళ్ళి ఆకులు తడుముతోంది. కేకలేయబోయాను.

"ఆగవే. దీని మధ్యలో పుల్లలాగా ఏదో తగులుతోంది."

చూస్తే పూల కాడ. పక్కన ఇంకొకటి. అంత మడిలో రెండే. అయినా పరుగున లోపలికెళ్ళాను. గడిలో 'రెండు' అని రాశాను.

రోజూ కొలిచేవాళ్ళం, ముట్టుకోకుండా. పండగ ముందు రోజుకు కాడలు నడుమెత్తు పెరిగాయి. మొగ్గలు పట్టాయి గానీ ఒక్కటీ విచ్చలేదు. అన్నీ పచ్చగా, గట్టిగా, మూతి బిగించుకుని ఉన్నాయి.

"రేపొక్కరోజు పండగ వాయిదా వేయమని ఫాదరుగారినడుగుదామా?" అన్నాడు మా ఆయన.

పొద్దున్నే కోసి, తడిగుడ్డలో చుట్టి గుడికి తీసుకుపోయాను. పీఠం అలంకరించే సిస్టరుగారు బంతిపూల దండలూ, ఎండకు వాడిపోవని పెట్టే ప్లాస్టిక్ పూలూ సర్దుతున్నారు. నా చేతిలోవి చూసి, "ఉల్లికాడలెందుకమ్మా?" అన్నారు.

"లిల్లీలండీ. ఇంకా విచ్చలేదు."

ఆవిడ నా ముఖం చూసి, ఒక గాజు సీసాలో నీళ్ళు పోసి, మరియమ్మ పాదాల దగ్గర పెట్టారు. ప్లాస్టిక్ లిల్లీల పక్కన నా లిల్లీలు నిజంగా ఉల్లికాడల్లాగే ఉన్నాయి. పొద్దుటి పూజంతా తల వంచుకునే ఉన్నాను. మొగ్గలు పూల కిందకి వస్తాయో రావో తెలియదు. రావనే అనిపించింది.

సాయంత్రం తేరు ఊరేగింపు తిరిగొచ్చాక మళ్ళీ అందరం గుడిలో కూర్చున్నాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఫాదరుగారు ఆశీర్వాదం మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది. కొవ్వొత్తులు తప్ప వెలుగు లేదు. ఆ ఉక్కలో, గాలి కదలనప్పుడు, ముందు వరసల నుంచి మెల్లగా ఒక వాసన వచ్చింది. ముందు నాకు నమ్మకం కలగలేదు. అగరువత్తేమో అనుకున్నాను. పక్క వరసలో ఆడవాళ్ళు తలలెత్తి గాలి పీల్చారు. తలల మధ్య నుంచి మెడ సాచి చూశాను. కాడల అడుగున మొగ్గలు విచ్చాయి. ఒక దానికి మూడు, ఒక దానికి రెండు.

అందరూ నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలో మా అత్తమ్మ గొంతు గుడంతా వినపడింది. "మా దొడ్లోవే. నా బియ్యం కడిగిన నీళ్ళు."

మగవాళ్ళ వైపు నుంచి ఒక చిన్న గొంతు, "కొంచెం యూరియా కూడా," అంది.

ఫాదరుగారు గొంతు సవరించుకుని, మైకు లేకుండానే ఆశీర్వాదం ఇచ్చారు. నేను కళ్ళు మూసుకున్నాను. చెప్పుకోవాల్సిన వందనాలన్నీ ఒకేసారి వచ్చి, ఏదీ మాటగా మారలేదు. ఆమెకు తెలుస్తుందిలే అనుకున్నాను.

బయటికి వస్తుంటే సిస్టరుగారు ఆపి, వచ్చే ఏడు నాలుగు గడ్డలు ఇమ్మన్నారు. "పెట్టి మర్చిపోవాలండీ, అంతే," అని చెప్పాను, పెద్ద అనుభవశాలిలాగా.

ఇంటికొచ్చి క్యాలెండరు ముందు నిలబడితే పండగ గడిలో చోటు లేదు. ఏప్రిల్‌లోనే నిండిపోయింది. ఆ 'పూలు' పక్కన సన్నగా 'అయిదు' అని ఇరికించాను.

మర్నాడు పొద్దున దొడ్లోకి వెళ్ళి చూస్తే మడి తడిగా ఉంది. అత్తమ్మ గిన్నె బండ మీద బోర్లించి ఉంది. మా ఆయన పళ్ళు తోముకుంటూ ఆకాశం వైపు చూస్తున్నాడు. ఎవరు పోశారని నేను అడగలేదు. అడిగే ముందు నా చేతిలో మగ్గు ఎక్కడైనా దాచాలి గదా.