స్నానపు బండ మీద ఎగిరేవి

బిడ్డ తొడల మీద ఎర్రటి దద్దుర్లు తగ్గడం లేదు. నిద్ర లేక నా కళ్లు మండుతున్నాయి.

మా అత్త పెరట్లో బండ మీద కాళ్లు చాపుకొని కూర్చుని, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి రోజూ నీళ్లు పోస్తుంది. ఆ నీళ్లు పక్కనున్న మల్లె మొక్కలకు పారతాయి. వాటికోసమని మా ఆయన బొమ్మిడి ఊరి అవతలి కొండ అడవి నుంచి కుళ్లిన ఆకుల మట్టి ఒక గోతాం తెచ్చి బండ పక్కన పెట్టాడు. అప్పటినుంచి తడి బండ మీద నువ్వుగింజ కన్నా చిన్న పురుగులు కనబడుతున్నాయి. నీలంగా ఉంటాయి, వేలు పెడితే ఎగిరిపడతాయి.

అత్త పుట్టి పెరిగింది ఆవుల మధ్య. ఎగిరే పురుగంటే ఆమె లెక్కలో ఆవులను పట్టి కుట్టేదే. ఈరోజు కొట్టంలోంచి ఆవులకు చల్లే మందుపొడి డబ్బా తెచ్చింది.

"బిడ్డను కుట్టేది ఇవే. పిడికెడు చల్లితే పోతాయి."

బిడ్డ పాకేది ఆ బండ మీదే. చేతికి ఏది అంటినా నోట్లోకే పోతుంది. నేను డబ్బా పట్టుకుని వదల్లేదు. కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు కొండ మీద ఆకుల కింద ఇలాంటివి చూశామని, బూజు తిని బతుకుతాయని, పొట్ట కింద మడిచిన కొంకిని నేలకు తన్ని ఎగురుతాయని, కుట్టే నోరే లేదని చెప్పాను. చెబుతుంటే నాకే అనుమానం వచ్చింది. ఇవి అవేనా?

"పేరేంది?" అన్నది అత్త.

"మన భాషలో పేరు లేదత్తా."

"పేరు కూడా లేంది, కుట్టదని నీకెట్ల తెలిసె?"

నీళ్లు చల్లారిపోతున్నాయని ఆమె చీర మోకాళ్ల దాకా మడిచి కూర్చుంది. బిడ్డను అందించాను. పురుగులు ఆమె పిక్కల మీద ఎగిరిపడుతున్నాయి. అప్పుడు తోచింది.

"అత్తా, దినామూ మీ కాళ్ల మీదే కదా పడేది. మిమ్మల్ని ఎప్పుడన్నా కుట్టినాయా?"

సబ్బు రుద్దే చెయ్యి ఆగింది. వంగి పిక్కలు చూసుకుంది. ఒక్క మచ్చ లేదు.

"లేదులే అమ్మాయి. డబ్బా కొట్టంలో పెట్టేసి రా. ఆ గోతాం మాత్రం అవతలికి లాగు."

డబ్బా పై అరలో పెట్టి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. పురుగులే అయితే తరిమేస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ దద్దుర్లు దేనివల్లో తెలియదు. రేపు పొద్దున బస్సెక్కి ధర్మపురిలో డాక్టరుకు చూపించాలి. రాత్రి బిడ్డ నా పక్కన బోర్లా పడుకుని ఉంది. లైటు వేసి ఆ దద్దుర్లను మళ్లీ చూడకూడదని అనుకుంటూనే ఉన్నాను.