సొరకాయా, మోకాళ్ళూ, మా నాన్నా

కాలేజీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ఏ మాటకైనా చివర 'అట' తగిలిస్తే అది రుజువైపోయినట్టేనని నా గట్టి నమ్మకం. కాపెల్ అనే ఊళ్ళో మా ఇంట్లో ఆదివారం వండిన కూరలే గురువారం దాకా మైక్రోవేవ్‌లో తిరుగుతుండేవి, ఒక్క సొరకాయ తప్ప. సొరకాయ కూరను అందులో వేడిచేసి తింటే మోకాళ్ళు అరిగిపోతాయట. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిందే కదా అని, తిండి అలవాట్ల మీద రాసిన రీసెర్చ్ పేపర్‌లో ధీమాగా ఎక్కించేశాను. మా ప్రొఫెసరమ్మ ఆ వాక్యం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ఇది మొదట ఎవరు చెప్పారో కనుక్కుని రా, లేకపోతే ఫెయిలే అంది. ఫెయిలైతే అమ్మ నన్ను ఇంట్లో బతకనివ్వదు.

విచారణ అమ్మతోనే మొదలుపెట్టాను. "యోగా ఆంటీ చెప్పిందే! ఆవిడ ఊరికే ఏదీ చెప్పదు" అంది. యోగా ఆంటీ (యోగా చేయదు, ఆ ప్యాంట్లు వేసుకుంటుందంతే) "నేను కాదమ్మా, డాక్టర్ అంకుల్ చెప్పారు. ఇంక డౌటేముంది?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా వెళితే ఆయన పళ్ళ డాక్టరు. అలవాటు కొద్దీ నా నోట్లోకి లైటు వేసి చూస్తూ, "మోకాళ్ళ గురించి నాకేం తెలుసు? తలా ఒక వంట తెచ్చుకునే ఆ పాట్‌లక్‌లో మీ నాన్నే చెప్పాడు. ఏదో స్టడీ చదివాడట" అన్నాడు.

నాన్న గరాజ్‌లో దొరికాడు. నేను అడగ్గానే వెళ్ళి తలుపు మూసొచ్చాడు. "స్టడీ లేదు, గిడీ లేదురా. గురువారం నాటి సొరకాయ నావల్ల కాలేదు. మీ అమ్మతో ఆ ముక్క అనలేక మోకాళ్ళ మీదికి నెట్టేశా. నీకు దండం పెడతా, నా పేరు మాత్రం వెయ్యకు తల్లీ!"

వెయ్యలేదు. "ఒక తండ్రి, తన గరాజ్‌లో స్వయంగా చెప్పిన మాట" అని, ఆయన చెప్పిందంతా పూసగుచ్చినట్టు రాశాను. ప్రొఫెసరమ్మ పొంగిపోయి ఎ గ్రేడ్ ఇచ్చింది. అమ్మ కూడా పొంగిపోయి పేపరంతా చదివింది. ఆ గురువారం నాన్న కంచంలో సొరకాయ కూర పొగలు కక్కింది. పాపం, ముక్క మిగల్చకుండా తిన్నాడు.

ఏళ్ళు గడిచి ఉద్యోగంలో పడ్డాక, మొన్న ఫ్రీమాంట్‌లో, మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగమ్మాయి నా లంచ్ డబ్బా చూసి కంగారుపడింది. "అక్కా, సొరకాయ మైక్రోవేవ్‌లో పెట్టకండి, మోకాళ్ళు పోతాయి! కాపెల్‌లో ఎవరో అమ్మాయి దీని మీద రీసెర్చ్ పేపరే రాసిందట." ఆ అమ్మాయిని నేనేనని చెప్పబోయాను. గరాజ్ తలుపు మూసొస్తున్న నాన్న కళ్ళముందు కదిలి, నవ్వూ బెంగా కలిసి వచ్చాయి. బుద్ధిగా చల్లటి కూరే తిన్నాను. లేస్తుంటే ఎడమ మోకాలు కటుక్కుమంది.