బొటనవేలంత పొడుగు

ఒకరి చేతిలో జరిగిన తప్పు ఏడేళ్ళపాటు ఎవరికీ తెలియకుండా మరొకరి భుజాల మీద బతికితే, ఆ ఏడేళ్ళు ఎవరివి? దీనికి ఇప్పటికీ జవాబు దొరకలేదు. కొలతలాయన్ని అడిగితే మాత్రం, “ఏ ప్రశ్నకైనా ముందు కొలబద్ద పెట్టి చూడాలి” అని తప్పించుకుంటాడు.

అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కొలతలు తీసే ఉక్కు వెర్నియర్ ఉంటుంది. ముప్పైనాలుగేళ్ళు గ్యారేజీలో కార్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేశాడు. అది మానేశాక పాతకార్లకు అసలైన సామాను వెతికిపెట్టడం మొదలుపెట్టాడు, ముఖ్యంగా స్టీరింగు సామాను. ఇంజను పోతే పొగ చూపిస్తుంది, బ్రేకు పోతే కీచుమంటుంది, స్టీరింగు మాత్రం నమ్మినవాణ్ణి చప్పుడు చెయ్యకుండా గోతిలో దింపుతుందని అతని సిద్ధాంతం. ఇంటి వెనకగదిలో గోడ పొడుగునా చెక్క సొరుగులు. ఒక్కో ఇనపముక్కకీ దారంతో కట్టిన అట్ట, దాని మీద ఏ కారుదో, ఏ సంవత్సరానిదో. భార్య ఆ గదిని “మా సవతి ఇల్లు” అంటుంది.

ఒక ఉదయం ఒకావిడ వచ్చి తమ పాతకారు చూడమని ఇంటికి తీసుకెళ్ళింది.

“మా అక్క నడిపిన కారండీ. రంగు అయింది, సీట్లయ్యాయి. స్టీరింగుకి మాత్రం అసలు సామానే కావాలి.”

అక్కగారు షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. “నా భుజాలకి అసలు సామాను ఎక్కడ దొరుకుతుందో అదీ అడగవే.”

ఆవిడ పురుళ్ళు పోసే నర్సు. ముప్పై ఏళ్ళు ఆ కారులోనే వానల్లో, బురదల్లో ఇంటింటికీ తిరిగింది. ఏడేళ్ళ కిందట ఉన్నట్టుండి స్టీరింగు బరువెక్కింది. మలుపు తిప్పితే చేతులు వణికేవి. వయసైపోయింది అనుకుని తాళంచెవి సొరుగులో పడేసి బస్సెక్కడం మొదలుపెట్టింది. నేరం వయసు మీద పడింది, కారునెవరూ అడగలేదు. ఇప్పుడు పద్దెనిమిది రోజుల్లో లైసెన్సు గడువు ముగుస్తుంది. ఈలోగా అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. లేకపోతే ఈ వయసులో మళ్ళీ ఇవ్వరు.

కొలతలాయన గోనె పరుచుకుని కారు కిందకి జరిగాడు. స్టీరింగు పెట్టె కింద ఒక ఇనప చెయ్యి వేలాడుతుంది. మెకానిక్కులు డ్రాప్ ఆర్మ్ అంటారు. పైన చక్రం తిప్పితే కింద ఇది ఊగి ముందు టైర్లను మళ్ళిస్తుంది. గుడ్డతో మడ్డి తుడిచి కొలిచాడు. ఉండాల్సినదానికంటే బొటనవేలి వెడల్పంత పొడుగు. తరువాతి మోడలుది. చెయ్యి పొడుగైతే టైర్లు త్వరగా తిరుగుతాయి, కానీ ఆ త్వరకి కావలసిన బలం తిప్పేవాళ్ళ భుజాల్లోంచే పోతుంది.

ఇంకాస్త తుడిచాడు. ఆ చెయ్యి పైకొసన, పళ్ళు కలిసేచోట పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు, పక్కన చిన్న గీత. విప్పినది మళ్ళీ అదే చోట కూర్చోవాలని ప్రతి మెకానిక్కూ ఏదో గుర్తు పెట్టుకుంటాడు. ఆ గుర్తు అతనిదే.

“ఏం మేస్త్రీ, నిద్రపోయావా?” పైనుంచి నర్సమ్మ.

“లేదమ్మా, కొలుస్తున్నా.”

“అంతసేపు కొలిస్తే అది పెరుగుతుందేమో చూసుకో!”

అతనికి నవ్వు రాలేదు. అన్నీ గుర్తొచ్చాయి. ఏడేళ్ళ కిందట కారును గ్యారేజీకి తెచ్చింది ఈ చెల్లెలుగారి భర్త. అసలైన ఆర్మ్ బజారులో లేదు. వెనక మూడు కార్లు వరసలో ఉన్నాయి. చేతికొచ్చినదాని పళ్ళు సరిపోయాయి, బిగించేశాడు. కొలవకుండా బిగించింది జీవితంలో అదొక్కటే అని చెప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. తెలిసింది అదొక్కటే.

“దీన్ని మార్చాలి. వెతికి తెస్తా” అని, ఆ పొడుగు ఆర్మ్ విప్పి సంచిలో వేసుకుని వచ్చేశాడు.

తొమ్మిది రోజులు తిరిగాడు. దుకాణాల్లో అట్టపెట్టెల మీద అసలైనదనే ఉంటుంది, విప్పితే పొడుగుదే. “ఇదీ అదేనండీ, పట్టేస్తుంది” అన్న ప్రతివాడి నోటా అతనికి తన గొంతే వినబడింది. పదోరోజు ఒక పాతఇనుము వ్యాపారి తల గోక్కుని, అలాంటి కారు చివరిసారి విప్పినప్పుడు పక్కవీధి దర్జీ ఏదో ముక్క పట్టుకెళ్ళాడని చెప్పాడు.

దర్జీ బల్ల మీద, కత్తిరించబోయే గుడ్డ కదలకుండా బరువుగా ఆ ముక్క పెట్టి ఉంది, నున్నగా మెరుస్తూ. కొలతలాయన వెర్నియర్ తీశాడు. సరిగ్గా సరిపోయింది.

“అది మాత్రం అడక్కండి” అన్నాడు దర్జీ. “కత్తెరైనా ఇస్తాగానీ అదివ్వను. పదేళ్ళుగా నా మాట వింటున్నది ఈ కొట్లో అదొక్కటే.”

కొలతలాయన సంచిలోంచి పొడుగుది తీసి పక్కన పెట్టాడు. “దీన్ని చూడు. నీదానికంటే బొటనవేలంత పొడుగు. ఇంకా బరువు.”

దర్జీ రెండూ చేతుల్లో తూచి చూశాడు. పొడుగుదాన్ని గుడ్డ మీద పెట్టి కొస లాగాడు. కదల్లేదు. “మీకేమైనా మతిపోయిందా? మంచిదిచ్చి పాతది తీసుకుంటారా?”

“నీ మేలు మర్చిపోను నాయనా” అన్నాడు కొలతలాయన. అతని కళ్ళు చెమర్చడం చూసి దర్జీ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఇంటికొచ్చి ఆర్మ్‌ను కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, సుద్ద పూశాడు. ఎక్కడైనా సన్నటి పగులుంటే తడిగీతలా బయటపడుతుంది. సుద్ద తెల్లగానే ఉంది. అప్పుడు భార్యకు సంగతంతా చెప్పాడు.

“ఆ చుక్కల ముక్క దర్జీ బల్ల మీదకి పోయింది కదండీ. ఇక ఎవరికి తెలుస్తుంది? చెప్తే ఆవిడకేం ఒరుగుతుంది?”

“తన చేతుల్ని తిట్టుకోవడం మానేస్తుంది.”

ఆవిడ లేచి ఇస్త్రీపెట్టె అందుకుంది. “అయితే ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళండి. తిట్లు తినేటప్పుడైనా మనిషిలా కనపడాలి.”

పరీక్ష రోజు ఉదయమే వెళ్ళి బిగించాడు. నర్సమ్మ సీట్లో కూర్చుని అటూ ఇటూ తిప్పింది. ఇంకోసారి తిప్పింది. అతను గుమ్మం పట్టుకుని, ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాడు.

ముందు చెల్లెలు లేచింది. “ఏడేళ్ళండీ! ఏడేళ్ళు మా అక్క బస్సుల కోసం నిలబడింది!”

“నువ్వుండవే.” నర్సమ్మ స్టీరింగు మీద చేతుల్ని తిరగేసి చూసుకుంటోంది. “అంటే ఇవి ముసలివి కాలేదన్నమాట.”

“ముసలివేనమ్మా” అన్నాడతను, అబద్ధమాడలేక. “మరీ అంత కాదు.”

ఆవిడ పకపకా నవ్వేసింది. తరువాత నవ్వాపి అతన్ని తేరిపార చూసింది. “నువ్వు చెప్పకపోయుంటే చేతులెత్తి మొక్కి పంపేదాన్ని. చెప్పి చిక్కులో పెట్టావు. ముందు పరీక్షకెళ్ళొస్తా. ఇక్కడే ఉండు, వచ్చాక తీరిగ్గా తిడతా. ఎక్కవే!”

కారు గేటు దాటింది. వీధి చివర మలుపులో ఒక్కసారి కూడా తడబడకుండా తిరిగింది. కొలతలాయన మెట్టు మీద కూర్చున్నాడు. చేసిన తప్పు, ఇంకా దిద్దుకునే వీలుండగా వెతుక్కుంటూ తన చేతికే రావడం అందరికీ దొరికే భాగ్యం కాదు. ఆ దర్జీకి, ఆ పాతఇనుము వ్యాపారికి, ఇస్త్రీ చేసిన ఇల్లాలికి, నవ్విన నర్సమ్మకి మనసులోనే ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టుకున్నాడు.

రెండు గంటల తరువాత వీధి చివర హారను మోగింది, ఆగకుండా. కారు మలుపు తిరిగింది. నర్సమ్మ ఒక చెయ్యే స్టీరింగు మీద ఉంది. రెండో చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, ముద్ర వేసిన కాగితాన్ని జెండాలా ఊపుతోంది. పక్కన చెల్లెలు దాన్ని ఎగిరిపోకుండా పట్టుకోవాలని నవ్వుతూ పెనుగులాడుతోంది.

కొలతలాయన లేచాడు. ఇంత నవ్వుతూ వచ్చే మనిషి ఇక తిట్టదు, మొక్కుతుంది; తిట్లకి సిద్ధపడి వచ్చాడుగానీ మొక్కుకి కాదు. గోనె మడిచి, పానాలు సంచిలో వేసుకున్నాడు. కారు గేటు దగ్గరికి వచ్చేలోగా షెడ్డు పక్కనుంచి వెనకసందులోకి దిగి, వెళ్ళొస్తానని ఎవరితోనూ అనకుండా వెళ్ళిపోయాడు.