నెమలి మెడలో గులాబీ రెక్కలు

తొంభైల్లో సోలాపూర్ దాజీ పేట్‌లో చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసే ఒక కార్ఖానా ముందు గదిలో కూర్చుని నేను కంప్యూటర్‌లో డిజైన్లు గీసేవాణ్ణి. నాతో పనిచేసే అక్క ప్రోగ్రాములు రాసేది. మా వీధిలోనే బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి, కంప్యూటర్ చదువు చదువుకున్న మనిషి.

డిస్క్ నుంచి ఒక డిజైన్ తెరుచుకునేలోగా చాయ్ తాగి రావచ్చు. అందుకని అక్క, ఫైళ్లన్నీ కంప్యూటర్ మెమరీలోనే ఉండేలా ఒక ప్రోగ్రామ్ రాసింది. కరెంటు పోతే అందులోవి పోతాయి కానీ అసలువి డిస్క్‌లో ఉంటాయి. తర్వాత దాన్ని ఇంకా వేగంగా నడిచేలా మార్చింది. ఆ మార్పు సరిగ్గా ఉందో లేదో చూడటం నా పని.

వేగం చూసి కార్ఖానా యజమాని శేట్ పొంగిపోయాడు. "ఇగ ఏం చూస్తున్నవ్? కార్డులు కొట్టున్రి. మగ్గాలు ఖాళీగున్నయ్" అన్నాడు.

ఏ దారం లేపాలో మగ్గానికి చెప్పేవి రంధ్రాలు కొట్టిన ఆ అట్ట కార్డులే. అవి తప్పయితే నేసిన చద్దర్లన్నీ తప్పే.

"జర ఆగున్రి శేట్. సాయంత్రం దాంక టైమియ్యున్రి" అన్నాను.

డిజైన్లు మెమరీలోకి ఎక్కించాను. కొన్ని చెరిపి, వాటికన్నా పెద్దవి పెట్టి, ఒక్కోదాన్నీ డిస్క్‌లోని అసలుతో పోల్చాను. చిన్నవన్నీ సరిపోయాయి. పెద్ద నెమలి చద్దర్ తెరిస్తే, మెడ మధ్యలో వేరే డిజైన్‌లోని గులాబీ పువ్వు రెక్కలున్నాయి!

అక్క ముఖం ఎర్రబడింది. "నువ్వే ఏదో తప్పు ఎక్కించినవ్ తమ్మీ."

"నువ్వే కూసొని చెయ్యక్కా, నేను చూస్త."

ఆమె చేసినా గులాబీలే వచ్చాయి. ప్రోగ్రామ్ అంతా ప్రింటు తీసి నేల మీద పరిచింది. ఇద్దరం వంగి వరుసవరుసా చదివాం. ఫైలు చెరిపినప్పుడు దాని చోటు ఖాళీ అయిందని ప్రోగ్రామ్ రెండుసార్లు గుర్తుపెట్టుకుంటోంది. అందుకే ఒకే ఇల్లు ఇద్దరికి అద్దెకిచ్చినట్టు అదే చోటును రెండు డిజైన్లకు ఇచ్చేస్తోంది.

అక్క ఒక్క వరుస తీసేసింది. మళ్లీ అన్నీ ఎక్కించి, చెరిపి, పోల్చాం. నెమలి నెమలిగానే ఉంది. వేగం కూడా తగ్గలేదు.

"ఇంకోపారి చూడు."

"బరోబర్ ఉందక్కా."

"హమ్మయ్య, పానం లేచొచ్చింది!" అని గోడకు చేరగిలబడి నవ్వింది. "శేట్, కొట్టున్రి ఇగ!"

లోపల కార్డులు కొట్టే చప్పుడు మొదలయ్యాక ఇద్దరికీ ఆకలి గుర్తొచ్చింది. అక్క డబ్బా విప్పి, పల్లీల చట్నీ పూసిన జొన్నరొట్టెలో సగం నా చేతిలో పెట్టింది.